చిన్న రోడ్ల మీద మైనర్ లీగ్ బేస్‌బాల్ ట్రిప్: ఇల్లినాయ్ నుంచి అయోవా దాకా. ఎవరైనా వెళ్ళారా?

బ్లూమింగ్టన్_బుజ్జి
మా అత్తగారూ మామగారూ తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. నయాగరా, న్యూయార్క్, డీసీ పోయినసారే అయిపోయాయి. మా వాడికి పదేళ్ళు, బేస్‌బాల్ పిచ్చి. అందుకని జూలైలో ఇలా అనుకున్నాను: బ్లూమింగ్టన్, పియోరియా, డావెన్‌పోర్ట్, క్లింటన్, డయర్స్‌విల్, సెడార్ ర్యాపిడ్స్, డెమోయిన్. 74, 80 ఇంటర్‌స్టేట్ హైవేలు ఎక్కకుండా ఊళ్ళ మధ్య నుంచి పోవడం, సాయంత్రానికి ఏదో ఒక ఊళ్ళో మైనర్ లీగ్ (పెద్ద క్లబ్బుల కింద ఆడే చిన్న ఊళ్ళ జట్లు) మ్యాచ్ చూడటం. శుక్రవారం బయల్దేరితే సోమవారం రాత్రి డెమోయిన్‌లో ఆఖరి మ్యాచ్.

ఇంట్లో చెబితే మా ఆవిడ "పొలాలు చూడ్డానికి అమెరికా రావాలా, తెనాలిలో లేవా?" అంది. ఆఫీసులో మనవాళ్ళయితే ఇంకా ఘోరం. చికాగోలో రిగ్లీ ఫీల్డ్ లాంటి మేజర్ లీగ్ స్టేడియం పెట్టుకుని ఊరూ పేరూ లేని ఆటగాళ్ళని చూడ్డానికి పెట్రోలు తగలేస్తావా అంటున్నారు. నాది నిజంగా పిచ్చి ఆలోచనేనా?

పల్నాటి_పవన్
మేజర్ లీగ్ చూస్తేనే నాకు నిద్రొస్తుంది. ఇది మైనర్ అంట. దిండు తీసుకెళ్ళండి.

పిచ్‌క్లాక్_ప్రసాద్
పవన్, నిద్ర సంగతి తర్వాత. బుజ్జి గారూ, ముందు ఆ సోమవారం తీసేయండి. మైనర్ లీగ్‌లో సాధారణంగా సోమవారం సెలవు. 2021లో మొత్తం పద్ధతి మార్చారు. ఒక జట్టు ఒక ఊరు వస్తే మంగళవారం నుంచి ఆదివారం దాకా అక్కడే ఉండి ఆరు మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే మీరు వెళ్ళే వారం పియోరియా జట్టు బయట ఊళ్ళో ఉంటే ఆ వారమంతా ఉన్నట్టే, స్టేడియానికి తాళం. రోడ్డు మ్యాపు పక్కన పెట్టి ముందు షెడ్యూళ్ళు ముందేసుకుని కూర్చోండి. రూటు తర్వాత అదే తేలుతుంది.

ఇక "ఊరూ పేరూ లేని ఆటగాళ్ళు" అన్నవాళ్ళకి. 30 మేజర్ లీగ్ జట్లకీ ఒక్కోదానికి కింద నాలుగు మెట్లు: సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. మొత్తం 120 జట్లు. జట్టు ఊరిది, ఆటగాళ్ళు మాత్రం పై క్లబ్బు మనుషులు. పియోరియా చీఫ్స్‌లో ఆడేవాళ్ళ జీతాలు ఇచ్చేది సెయింట్ లూయిస్ కార్డినల్స్. రాత్రి మ్యాచ్ అయ్యాక మేనేజరు పిలిచి "రేపు నువ్వు పై జట్టులో" అంటే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడమే. 2000లో ఆల్బర్ట్ పుహోల్స్ పియోరియాలో ఆడాడు. మరుసటి ఏడాదికి సెయింట్ లూయిస్‌లో ఉన్నాడు. చివరికి 703 హోమ్ రన్లు కొట్టి రిటైరయ్యాడు. 2010లో మైక్ ట్రౌట్ సెడార్ ర్యాపిడ్స్‌లో ఆడినప్పుడు అతనికి 18 ఏళ్ళు. ఆ రోజుల్లో పది డాలర్ల టికెట్టు కొని మూడో వరసలో కూర్చున్నవాళ్ళు ఇప్పటికీ అదే చెప్పుకుంటారు.

బ్లూమింగ్టన్_బుజ్జి
సోమవారం సంగతి అస్సలు తెలీదు. హోటళ్ళు బుక్ చెయ్యకపోవడం మంచిదైంది.

రంజీ_రాజు
అంటే మన రంజీ ట్రోఫీ లాంటిదన్నమాట.

పిచ్‌క్లాక్_ప్రసాద్
కాదు రాజు గారూ. రంజీలో ఆంధ్ర జట్టు గెలవడానికే ఆడుతుంది. ఇక్కడ గెలుపు రెండో సంగతి. పై క్లబ్బు "ఈ కుర్రాడు 75 బంతులకి మించి వెయ్యకూడదు" అంటే, ఎంత బాగా వేస్తున్నా దించేస్తారు. ఊళ్ళో జనం బూతులు తిట్టుకున్నా సరే.

రంజీ_రాజు
మరి జనం ఎందుకొస్తారు? గెలుపు మీద ఆశ లేని ఆట ఎవడు చూస్తాడు?

మోలీన్_మూర్తి
నేను చెప్తా. నేనుండేది మోలీన్, ఇక్కడ ట్రాక్టర్లు చేసే డీర్ కంపెనీ పనుల మీద వచ్చిన మన వాళ్ళు చాలామందే ఉన్నారు. నది దాటితే డావెన్‌పోర్ట్. అక్కడి స్టేడియం 1931ది, సరిగ్గా మిసిసిపీ ఒడ్డున. పక్కనే శతాబ్ది వంతెన, సాయంత్రం దీపాలు వెలుగుతాయి. అవతలి గోడ వెనక 110 అడుగుల జెయింట్ వీల్. నిజం జెయింట్ వీలే, టికెట్టు కొని ఎక్కి పైనుంచి మ్యాచ్ చూడొచ్చు. 2019లో నదికి పెద్ద వరద వచ్చినప్పుడు స్టేడియం చుట్టూ నీళ్ళు, అది మాత్రం మధ్యలో లంకలా నిలబడింది.

జనం ఎందుకొస్తారంటే సాయంత్రం గడపడానికి. ఇన్నింగ్స్ మధ్యలో పిల్లల్ని మైదానంలోకి పిలిచి బ్యాటు మీద నుదురు ఆనించి పదిసార్లు గిరగిరా తిరగమంటారు, తర్వాత పరుగెత్తమంటారు. ఒకడు ఇటు పడతాడు, ఇంకొకడు అటు. మా నాన్నగారు వచ్చినప్పుడు మ్యాచ్ స్కోరు ఆయనకి చివరిదాకా తెలీలేదు, ఆ పరుగు పందేలకి మాత్రం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. "ఇందులో ఓవర్లు ఎన్నిరా, ఫోర్ ఎక్కడ?" అని రెండు ఇన్నింగ్స్‌లు అడిగి వదిలేశారు.

బుజ్జి గారూ, మీ మామగారికి ఇంకోటి చూపించండి. మిసిసిపీ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుందని బడిలో చదువుకున్నాం. ఇక్కడ మాత్రం తూర్పు నుంచి పడమరకి పారుతుంది.

శైలజ_డర్హమ్
జెయింట్ వీల్ బాగుంది కానీ మైనర్ లీగ్ అంటే నార్త్ కరోలినా. ఇక్కడ డర్హమ్ బుల్స్ స్టేడియంలో గోడ మీద పెద్ద ఎద్దు బొమ్మ ఉంటుంది. బంతి ఎద్దుకి తగిలితే ఆ ఆటగాడికి స్టేక్, కింద గడ్డికి తగిలితే సలాడ్. హోమ్ రన్ కొడితే ఎద్దు కళ్ళు ఎర్రబడి ముక్కులోంచి పొగ వస్తుంది. ఐటీ ఉద్యోగాల పుణ్యమా అని ఇటు మనవాళ్ళకి కొదవ లేదు, స్టేడియంలో పక్క సీట్లోంచి "ఒరేయ్" అని వినిపిస్తూనే ఉంటుంది. పైగా యాష్‌విల్ దాకా కొండ దారి. అక్కడి మెకార్మిక్ ఫీల్డ్ మొదలైంది 1924లో.

మోలీన్_మూర్తి
శైలజ గారూ, ఆయన అడిగింది అయోవా. మీ ఎద్దు పొగ ఇక్కడి దాకా రాదు.

శైలజ_డర్హమ్
అసూయ.

పల్నాటి_పవన్
స్టేక్, సలాడ్... ఎద్దుని కొడితే ఎద్దు మాంసమే ఇస్తారా? ఆ మాట మాత్రం వాళ్ళ అత్తగారికి చెప్పకండి.

ఫ్రిస్కో_పద్మ
టెక్సాస్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ స్టేడియంలో గోడ వెనక నీళ్ళ కొలను కట్టారు, ట్యూబు మీద తేలుతూ మ్యాచ్ చూడొచ్చు. ఎండ 100 దాటినప్పుడు అంతకన్నా సుఖం లేదు.

ఇంకో సంగతి. ఊరూ పేరూ లేని ఆటగాళ్ళంటున్నారు కదా, కుమార్ రాకర్ పేరు విన్నారా? వాళ్ళ అమ్మ లలిత గారి తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్ళు. నాన్న నల్లజాతి అమెరికన్, ఒకప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. కుమార్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున 2019లో డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు (బ్యాటరు బంతిని కొట్టలేకుండానే అవుట్ చెయ్యడం) చేశాడు. 2022 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వరసగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోటు) టెక్సాస్ రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది. 2023లో మోచేతికి ఆపరేషన్. కోలుకున్నాక 2024లో మా ఫ్రిస్కోలోనే వేశాడు, తర్వాత ఒక మెట్టు పైన రౌండ్ రాక్ జట్టు, ఆ సెప్టెంబరులోనే మేజర్ లీగ్. ఫ్రిస్కోలో ఇన్ని వేల తెలుగు కుటుంబాలు ఉన్నాయా, ఆ వేసవిలో ఆ మ్యాచ్‌లకి ఎంతమంది వెళ్ళారో చెప్పండి. మనవాళ్ళంతా ఆ జూన్‌లో డాలస్ పక్కనే టీ20 ప్రపంచ కప్పు టికెట్ల వేటలో అలసిపోయినట్టున్నారు.

రంజీ_రాజు
పద్మ గారూ, ఇది నిజంగా తెలీదు. కుమార్ అనే పేరు చూసి కూడా పట్టించుకోలేదు.

గంటకి_యాభైఐదు
ఆటలు సరే, రోడ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? క్లయింట్ సైట్ల కోసం అయోవా అంతా తిరుగుతుంటాను. రెండు వరసల రోడ్డు మీద వేగ పరిమితి 55. ఊరు మొదట్లో హఠాత్తుగా 30కి, కొన్నిచోట్ల 25కి పడిపోతుంది. సరిగ్గా అక్కడే పోలీసు కారు. ట్రాక్టరు వెనక ఇరుక్కుంటే తొందరపడి దాటకండి. రోడ్డు ఎత్తుపల్లాలుగా ఉంటుంది, ఎదురుగా వచ్చేది చివరి నిమిషం దాకా కనబడదు. జీపీఎస్ దగ్గరి దారి అంటూ కంకర రోడ్డులోకి తోస్తుంది, వర్షం పడితే అందులో కారు పడవే.

అన్నిటికన్నా ముఖ్యం జింకలు. మ్యాచ్ రాత్రి పదింటికి అవుతుంది. అప్పుడు చిన్న రోడ్డు పట్టుకుని మరో 60 మైళ్ళు పోదాం అనుకోవద్దు. ఏ ఊళ్ళో మ్యాచ్ ఉంటే ఆ ఊళ్ళోనే పడుకోండి. చిన్న రోడ్లు పగలు, అంతే.

తాతగారి_మనవడు
పెద్దవాళ్ళతో చిన్న రోడ్లు అనగానే నాకు గుర్తొచ్చేది బాత్రూమ్. ఇంటర్‌స్టేట్ మీద ప్రతి 40 మైళ్ళకి రెస్ట్ ఏరియా ఉంటుంది. అత్తగారికి షుగర్ ఉంటే ఈ ప్లాన్ మర్చిపోండి. మా అమ్మతో ఇలాంటిదే ఒకటి చేసి నానా తిప్పలూ పడ్డాం.

గంటకి_యాభైఐదు
అయోవాలో ఆ భయం లేదు. కాస్త పెద్ద ఊరు ప్రతిదానికీ కేసీస్ పెట్రోలు బంకు ఉంటుంది. బాత్రూమ్ శుభ్రం, కాఫీ వేడిగా, పిజ్జా కూడా వాళ్ళే చేస్తారు. చీజ్ పిజ్జా చెప్పి, మీరు తెచ్చుకున్న పచ్చడి పక్కన పెట్టుకుంటే భోజనం అయిపోతుంది.

తాతగారి_మనవడు
పిజ్జాలో పచ్చడి. సరే, కేసు కొట్టేశాను.

సుధ_సెడార్‌ర్యాపిడ్స్
పచ్చళ్ళ సంగతి వచ్చింది కాబట్టి: స్టేడియంలోకి బయటి తిండి చాలా చోట్ల రానివ్వరు, సీలు తియ్యని నీళ్ళ సీసా కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. పులిహోర డబ్బా గేటు దగ్గర ఆగిపోతుంది. పార్కింగులో తినేసి వెళ్ళండి. లోపల శాకాహారులకి దొరికేవి నాచోస్, ప్రెట్జెల్, పాప్‌కార్న్, వేరుశనక్కాయలు. శనక్కాయలు ఒలిచి తొక్కలు కాళ్ళ కిందే పడెయ్యడం ఇక్కడ మర్యాదే, మా అత్తగారికి బాగా నచ్చింది అదే.

బ్లూమింగ్టన్_బుజ్జి
క్లింటన్ గురించి ఎవరైనా చెప్పండి. మ్యాపులో నది పక్కన బాగా కనిపించింది, జట్టు ఉందని చూశాను.

లంబర్‌కింగ్స్_లక్ష్మణ్
క్లింటన్ నాకు బాగా తెలుసు, పాత ఉద్యోగం అక్కడే. పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాన కొట్టిన దుంగలు నదిలో తేలుతూ ఇక్కడికి వచ్చేవి. రంపపు మిల్లులు, కలప వ్యాపారం, చిన్న ఊరైనా బోలెడంతమంది లక్షాధికారులు. జట్టు పేరు లంబర్‌కింగ్స్, అంటే కలప రాజులు, అందుకే. అడవులు అయిపోయాయి, మిల్లులు పోయాయి. స్టేడియం 1937లో ఆర్థిక మాంద్యం కాలంలో ప్రభుత్వం ఉపాధి పనుల కింద కట్టింది.

ప్రసాద్ గారు 120 జట్లు అన్నారు చూడండి, దాని వెనక కథ ఇది. అంతకు ముందు 160 ఉండేవి. 2021లో మేజర్ లీగ్ వాళ్ళు దాదాపు 40 జట్లని తీసేశారు. స్టేడియం సౌకర్యాలు చాలవనీ, ప్రయాణ దూరాలు ఎక్కువనీ కారణాలు చెప్పారు. క్లింటన్ పోయింది, నదికి దిగువన బర్లింగ్టన్ పోయింది. దశాబ్దాలుగా ఇక్కడి మైనర్ లీగ్ అయిన మిడ్‌వెస్ట్ లీగ్‌లో ఉన్న ఊళ్ళు. ఇప్పుడు రెండు ఊళ్ళూ ప్రాస్పెక్ట్ లీగ్‌లో కాలేజీ కుర్రాళ్ళతో ఆడుతున్నాయి. వాళ్ళకి జీతం ఉండదు, ఊళ్ళో కుటుంబాలే ఇంట్లో పెట్టుకుని అన్నం పెడతాయి. సీజన్ మే ఆఖరు నుంచి ఆగస్టు మొదటి దాకా.

కాబట్టి బుజ్జి గారూ, క్లింటన్‌లో మీరు చూసేది మైనర్ లీగ్ కాదు. అయినా వెళ్ళండి. నన్నడిగితే ఈ ట్రిప్‌లో వదులుకోకూడని మ్యాచ్ అదే. పై క్లబ్బు ఫోన్ చేసి బౌలర్ని దించమనేది ఉండదు, ఆ కుర్రాళ్ళు గెలవడానికే ఆడతారు.

పిచ్‌క్లాక్_ప్రసాద్
ఆటలో తేడా మాత్రం తెలుస్తుంది లక్ష్మణ్ గారూ. హై ఏలో 97 మైళ్ళ వేగంతో వేసేవాడు సాయంత్రానికి ఒకరిద్దరైనా కనిపిస్తారు.

లంబర్‌కింగ్స్_లక్ష్మణ్
వాళ్ళ అత్తగారికి 97కీ 87కీ తేడా తెలుస్తుందంటారా?

యూనియన్_యాదగిరి
అందరూ ముచ్చట పడుతున్నారు, ఆడేవాళ్ళ కడుపు సంగతి కూడా చూడండి. 2021లో హై ఏ ఆటగాడికి వారానికి 500 డాలర్లు, అదీ సీజన్ ఉన్న నెలలకే. అంతకు ముందు 290. ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు గాలి పరుపుల మీద పడుకునేవారు. 2022 నుంచి వసతి క్లబ్బులే ఇవ్వాలని రూలు వచ్చింది. ఆ ఏడాదే యూనియన్‌లో చేరారు, 2023లో మొదటి ఒప్పందం. ఆ ఒప్పందంతో హై ఏ కనీస జీతం ఏడాదికి 27,300, ట్రిపుల్ ఏ 35,800 అయింది. పై క్లబ్బులేమో వందల కోట్ల డాలర్ల విలువ చేస్తాయి. పది డాలర్ల టికెట్టు చవకగా ఎందుకుందో ఆలోచించండి.

రంజీ_రాజు
టికెట్టు చవకకీ జీతానికీ సంబంధం లేదు యాదగిరి అన్నా. జీతం ఇచ్చేది పై క్లబ్బు అని ప్రసాద్ గారు ఇప్పుడే చెప్పారు. టికెట్టు డబ్బులు ఊరి జట్టు యజమానివి.

యూనియన్_యాదగిరి
సరే, ఆ లెక్క ఒప్పుకుంటా. 290 డాలర్లని మాత్రం ఎవరూ సమర్థించలేరు.

కొత్తగా_వచ్చా
ఒకటి అడగనా, తప్పుగా అనుకోకండి. ఇలాంటి చిన్న ఊళ్ళలో మనల్ని ఎలా చూస్తారు? చీర కట్టుకున్న పెద్దావిడతో స్టేడియంలోకి వెళ్తే?

సుధ_సెడార్‌ర్యాపిడ్స్
చూస్తారు, అబద్ధం ఎందుకు. నాకైతే చూపు దాటి ఏమీ ఎదురవలేదు. వెనక వరసలో ముసలాయన మా అత్తగారికి స్కోరు కార్డు ఎలా రాయాలో మూడు ఇన్నింగ్స్ పాటు నేర్పాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు.

తాతగారి_మనవడు
నా అనుభవం అంత తియ్యగా లేదు. ఒక బంకులో వెటకారం మాట విన్నాం. పెద్ద గొడవ కాదు కానీ అమ్మ ఆ రోజంతా కారు దిగలేదు. వెళ్ళొద్దని కాదు, అన్ని ఊళ్ళూ ఒకేలా ఉంటాయనుకోవద్దని.

మోలీన్_మూర్తి
ఇద్దరు చెప్పిందీ నిజమే. బుజ్జి గారూ, క్లింటన్ దాటాక నది వెంట గ్రేట్ రివర్ రోడ్ వదలకండి, ఆకుపచ్చ పడవ చక్రం బొమ్మ ఉన్న బోర్డులు పట్టుకుని పోండి. సబూలా వస్తుంది, అయోవా మొత్తానికి ద్వీపం మీదున్న ఊరు అదొక్కటే. తర్వాత బెల్లెవ్యూ. అక్కడ లాక్ అండ్ డ్యామ్ 12 (పడవల్ని ఎత్తి దించే గేట్లున్న ఆనకట్ట) ఊరి పక్కనే. బార్జిల వరస లాక్‌లోకి వచ్చి, నీటి మట్టం మారి, గేటు తెరుచుకుని వెళ్ళేదాకా చూడొచ్చు. ప్రకాశం బ్యారేజీ చూసి పెరిగిన మీ మామగారిని అక్కణ్ణుంచి కదిలించడం మీ తరం కాదు, గంటన్నర లెక్కేసుకోండి.

పిచ్‌క్లాక్_ప్రసాద్
డయర్స్‌విల్ గురించి ఒక ముక్క. 1989 సినిమా కోసం మొక్కజొన్న చేలో వేసిన మైదానం అది. 2021 ఆగస్టులో పక్కనే కట్టిన స్టేడియంలో వైట్ సాక్స్, యాంకీస్ ఆడారు, 9–8, చివరి ఇన్నింగ్స్‌లో కొట్టిన బంతి చేలోకి పోయింది. 2022లో సెడార్ ర్యాపిడ్స్, క్వాడ్ సిటీస్ (డావెన్‌పోర్ట్ జట్టు పేరు అదే) జట్లు కూడా అక్కడ ఒక మ్యాచ్ ఆడాయి. ఆ రెండూ మీ రూటులో ఉన్న జట్లే. జూలై రెండోవారం తర్వాత వెళ్తే మొక్కజొన్న మనిషెత్తు ఉంటుంది. జూన్‌లో వెళ్ళినవాళ్ళు మోకాలి ఎత్తు మొక్కల పక్కన ఫొటోలు దిగి వచ్చారు.

డెమోయిన్_దేవి
సెడార్ ర్యాపిడ్స్ నుంచి ఇటు వచ్చేటప్పుడు పాత లింకన్ హైవే పట్టుకోండి. టామా అనే ఊళ్ళో 1915 నాటి చిన్న వంతెన ఉంది, దాని పిట్టగోడే "లింకన్ హైవే" అనే అక్షరాలు. డెమోయిన్‌లో అయోవా కబ్స్ ట్రిపుల్ ఏ, అంటే మేజర్ లీగ్ జట్టు చికాగో కబ్స్‌కి ఒక్క మెట్టు కింద. సెంటర్ ఫీల్డ్ వెనక క్యాపిటల్ బంగారు గుమ్మటం కనబడుతుంది. మ్యాడ్రిడ్ అనే చిన్న ఊళ్ళో హిందూ దేవాలయం ఉంది, డెమోయిన్‌కి వాయవ్యాన మొక్కజొన్న చేల మధ్య. పొద్దున అత్తగారిని ముందు అక్కడికి తీసుకెళ్తే సాయంత్రం మ్యాచ్‌కి ఏ అభ్యంతరమూ ఉండదు.

పల్నాటి_పవన్
దేవి గారిది అసలైన వ్యూహం.

బ్లూమింగ్టన్_బుజ్జి
షెడ్యూళ్ళు అన్నీ ముందేసుకున్నాను. జూలైలో ఒక వారం కుదిరింది. పియోరియా స్టేడియం ఆ వారం ఖాళీ, కానీ పియోరియా జట్టే డావెన్‌పోర్ట్ వస్తోంది! గురువారం డావెన్‌పోర్ట్, శుక్రవారం క్లింటన్, శనివారం పగలు నది వెంట పోయి డయర్స్‌విల్, రాత్రి సెడార్ ర్యాపిడ్స్‌లో పడక (అక్కడి జట్టు బయట ఉంది, సుధ గారూ మన్నించాలి). ఆదివారం డెమోయిన్ మధ్యాహ్నం మ్యాచ్. దేవాలయం పొద్దున్నే. సోమవారం ఇంటర్‌స్టేట్ మీద ఇంటికి, ఆ రోజు చిన్న రోడ్లు వద్దని మా ఆవిడ షరతు.

సుధ_సెడార్‌ర్యాపిడ్స్
జట్టు లేకపోతేనేం, భోజనానికి మా ఇంటికి రండి. మెసేజ్ పెట్టండి.

రంజీ_రాజు
వర్షం వస్తే?

పిచ్‌క్లాక్_ప్రసాద్
గురువారం మ్యాచ్ రద్దయితే సాధారణంగా మర్నాడు రెండు మ్యాచ్‌లు పెడతారు, ఒక్కోటి ఏడే ఇన్నింగ్స్. టికెట్టు వేరే రోజుకి మార్చి ఇస్తారు కానీ అప్పటికి మీరు క్లింటన్‌లో ఉంటారు. అప్పుడు క్లింటన్ వదలాలా డావెన్‌పోర్ట్ వదలాలా అన్నది ఇప్పుడే ఇంట్లో తేల్చుకోండి.

లంబర్‌కింగ్స్_లక్ష్మణ్
డావెన్‌పోర్ట్ వదలండి.

మోలీన్_మూర్తి
లక్ష్మణ్ గారూ, మీరు మళ్ళీ నది ఇవతలికి ఎలా వస్తారో చూస్తా.

తాతగారి_మనవడు
బుజ్జి గారూ, గడ్డి మీద కూర్చునే చవక టికెట్లు తీసుకోవద్దు. పెద్దవాళ్ళు కూర్చోగలరు, లేవడమే కష్టం. వీపు ఆనించే కుర్చీలు, మూడో బేస్ వైపు. చాలా మైదానాల్లో సాయంత్రం నీడ ముందు అటే పడుతుంది.

బ్లూమింగ్టన్_బుజ్జి
మూడో బేస్ వైపు ఆరు సీట్లు బుక్ అయ్యాయి.

పల్నాటి_పవన్
మీరు అయిదుగురే కదా?

బ్లూమింగ్టన్_బుజ్జి
ఆరోది నీకే పవన్. దిండు నువ్వే తెచ్చుకో.